ట్రాక్టరు బేరము, కిస్తుల లెక్క

పెబ్బేరు సంతలో గాని చిట్యాల అంగడిలో గాని ఎద్దును కొనబోవు రైతును చూచినవారికి అతని జాగ్రత్త తెలియును. పండ్లు లెక్కించును. మూపురము తడవును. గిట్టలు ఎత్తి చూచును. నాలుగడుగులు నడిపించును, వీలైనచో కాడికి కట్టి చూచును. అమ్మువాడు తొందరపెట్టినచో వచ్చే అంగడికి చూతమని తలగుడ్డ దులుపుకొని వెడలిపోవును. రుమాలు క్రింద వ్రేళ్లు పట్టి దళారి ఎంత నొక్కినను తనకు తోచిన ధర దాటి ఒక్క వ్రేలైనను పెంచడు. ఇట్టి రైతే ఎనిమిది లక్షల రూపాయల ట్రాక్టరును ఒక్క పూటలో, చల్లని గదిలో గూర్చుండి, ఒక్క కాగితమైనను చదువక కొని వచ్చుచున్నాడు. నల్లగొండ, పాలమూరు ప్రాంతములందు తిరుగుచు మేము కన్నులార చూచినదానిని, అందు మా తప్పును గూడ, సభ్యులకు విన్నవించుచున్నాము.

2021 దసరాకు పది దినములు ముందు కల్వకుర్తి వైపు సంఘ సభ్యులొకరు తోడు రమ్మని మమ్ము పిలిచిరి. వారికి ఐదెకరముల చెలక కలదు. అందు రెండెకరములకు మాత్రమే బోరు నీరు. పాత ట్రాక్టరును మార్పిడికి ఇచ్చి క్రొత్తది తీసికొని, ఊరిలో కిరాయికి దున్ని అప్పు తీర్చవలెనని వారి యెత్తు. షోరూమువారు పాత బండికి తమ డ్రైవరును, మాకు కారును ఊరిదాకా పంపిరి. చేరగానే చల్లని నీరు, పిదప చాయి, మధ్యాహ్నమునకు బిర్యాని. సభ్యుల కుమారుడు ఇరువది యేండ్లవాడు. అతనిని క్రొత్త బండిమీద గూర్చుండబెట్టి, మెడలో పూలదండ వేసి ఫొటో తీసిరి. ఆ ఫొటో మేము భోజనము ముగింపకమునుపే ఊరిలో అందరి ఫోనులకు చేరినది. ఇక కొనకుండ వెనుకకు పోవుట యెట్లు? పాత ట్రాక్టరు తాళపుచెవిని "ధర కట్టుటకు" అని తీసికొనిపోయి మూడు గంటలసేపు తిరిగి యీయలేదు. ఇవన్నియు మర్యాదలని అప్పుడు తలంచితిమి.

బేరము చేయు యువకుడు బహు వినయశీలి. బండి ధర యెంత యని మే మడిగిన ప్రతిసారియు అతడు సభ్యులవైపు తిరిగి, "కాకా, ఆరు నెలలకొకసారి మీరెంత కట్టగలరు? అది చెప్పండి, మిగిలినది నేను సర్దుతాను" అనుచుండెను. సభ్యులు ఎనుబది వేలనిరి. కొంతసేపటికి కిస్తు 84 వేలుగా తేలినది. ధర, వడ్డీ, పాత బండి విలువ, ఇన్సూరెన్సు, డబ్బా, రోటవేటరు అన్నియు ఆ ఒక్క అంకెలో కరగిపోయినవి. దేనికి ఎంత పడినదో ఆ గదిలో అతనికి తప్ప మరెవ్వరికిని తెలియదు. మేము సొసైటీ ఋణము మాట యెత్తగా, "మా దగ్గర నూటికి ఎనిమిదే మిత్తి సారూ, మీ సొసైటీలో పన్నెండు గదా?" అనెను. మేము తల యూపితిమి. ఈ పండుగ ధర నేటితో సరియనియు, వెనుక ఇద్దరు బయానా చేతబట్టుకొని యున్నారనియు చెప్పెను. దీపావళికి అదే ధర అదే గోడపై వ్రేలాడుట మేము తరువాత చూచితిమి.

సంతకములు ముప్పదికి పైగా పెట్టించిరి. అందు కొన్ని కాగితములలో అంకెల స్థానములు ఖాళీగా నుండెను. నాలుగు చెక్కులు వట్టివి. ఆంగ్లము చదువ నేర్చినవారము మేము ప్రక్కనే యుంటిమి. చదువుదమని చేయి చాచితిమి. "ఇవి మామూలు కాగితములే సారూ" అనగానే చేయి వెనుకకు తీసికొంటిమి. వారి బిర్యాని తిని వారిని శంకించుట మర్యాద కాదని తోచినది. రైతు మమ్ము వెంట తీసికొని పోయినది సరిగా ఆ కాగితముల కొఱకే గదా!

ఇప్పుడు ఆ లెక్క. మిషను బడిలో మాకు గణితము చెప్పిన పంతులుగారు బారువడ్డీ, చక్రవడ్డీ అని రెండింటిని పలక అరుగునట్లు వ్రాయించిరి గాని, ఈ బేరములలోని మెలికను చెప్పియుండలేదు. అప్పు 6,00,000 రూపాయలు. నూటికి ఏటికి 8 చొప్పున ఐదేండ్లకు వడ్డీ 2,40,000. మొత్తము 8,40,000. దానిని పది కిస్తులుగా విభజింపగా ఒక్కొక్కటి 84,000. లెక్క తప్పు లేదు. కాని మొదటి కిస్తుతోనే అసలు తరుగుట ఆరంభించును. చివరి కిస్తునాటికి రైతువద్ద నున్న అప్పు బహు స్వల్పము. అయినను వడ్డీ మాత్రము ఐదేండ్లును పూర్తి ఆరు లక్షలమీదనే నడచినది. దీనిని వారు ఫ్లాటు రేటు అందురు. తరిగిన అసలుపై లెక్కించినచో ఆ "ఎనిమిది" నిజమునకు ఏటికి 13 పైచిలుకు అగును.

సొసైటీవారి పన్నెండును ప్రక్కన బెట్టి చూడుడు. అదే 6,00,000, ఆరు నెలలకొకసారి అసలు 60,000 చొప్పున పది కిస్తులు, మిగిలిన అసలుపై మాత్రమే వడ్డీ. మొదటి కిస్తుకు వడ్డీ 36,000, రెండవదానికి 32,400, మూడవదానికి 28,800. ఇట్లు దిగుచు చివరిదానికి 3,600. అన్నియు కూడినచో 1,98,000. ఎనిమిదికి 2,40,000, పన్నెండుకు 1,98,000! ఈ వింతను మేము గ్రామసభలలో నల్లబల్లపై వ్రాసి చూపినప్పుడెల్ల ఎవరో ఒకరు లేచి లెక్క మరల వేయుమందురు. మీరును ఇంట బిడ్డలచేత వేయించి చూడుడు. సొసైటీ పద్ధతిలో తొలి కిస్తులు మాత్రము బరువుగా నుండును, మొదటిది 96,000. ఆ బరువును ఓర్వలేనివాడు ఆ అప్పును చేయకుండుటయే క్షేమము.

ఆ సభ్యుల కథ మిగిలినది. మొదటి ఏడు ప్రత్తి వానలకు చెడెను. ఊరిలో అప్పటికే పదునొకండు ట్రాక్టర్లు ఉండుటచే కిరాయి చాలినంత రాలేదు. మూడు కిస్తులు, అనగా 2,52,000, ఇంటి బంగారము కుదువబెట్టి కట్టిరి. అంత కట్టినను, తరిగిన అసలు 1 లక్షా 41 వేల పైచిలుకు మాత్రమే. నాలుగవ కిస్తు తప్పినది. దుక్కుల కాలమున ఒక తెల్లవారుజామున నలుగురు వచ్చి బండిని తోలుకొనిపోయిరి. వారు దానిని అమ్మిన ధర అప్పుకు చాలలేదని మిగతా పైకమునకు నోటీసు వచ్చినది. జమానతు నిలిచిన బావమరిదికిని వచ్చినది. ఆ రెండు కుటుంబములు ఇప్పటికిని పెండ్లిండ్లలో ఒక పంక్తిని కూర్చుండవు. సభ్యులు మమ్ము ఒక్క మాటయు అనలేదు. "మీరు పక్కన ఉన్నారు గదా అని నేను చదవలేదు సారూ" అని మాత్రము ఒకసారి అనిరి.

అప్పుమీద సేద్యయంత్రముల నమ్ముట నేటి మాట గాదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో కోతయంత్రములు చేసిన మెకార్మిక్ రైతులవద్ద కొంత ముందుగా గైకొని మిగిలినది పంట వచ్చిన పిమ్మట పుచ్చుకొనెడివాడు. అప్పు వలన మేలు పొందిన రైతులు మన ప్రాంతమునను పెక్కుమంది కలరు. సాగరు కాలువ క్రింద మిర్యాలగూడ వైపు ట్రాక్టరు లేనిదే నాట్లు సాగవు. చిక్కు మరియొకచోట నున్నది. అనేక షోరూములలో బండి నమ్మువాడే అప్పును గూడ కుదుర్చును. అప్పు కుదిర్చినందుకు ఋణదాతవద్ద కమీషను పొందుట ఈ వ్యాపారమున వాడుక. ఇంగ్లండులో మోటారుకార్ల అప్పులందు, వడ్డీని తన యిష్టమున పెంచినకొలది అమ్మువానికి కమీషను పెరుగు ఏర్పాటులుండెడివి. అక్కడి అధికారులు 2021 జనవరి 28 నుండి వానిని నిషేధించిరి. దొరల దేశమునను కాకా, మామా అని కూర్చుండబెట్టి ఇదే పని చేసిరన్నమాట.

కావున ట్రాక్టరు బేరమును, అప్పు బేరమును ఒకేచోట, ఒకే దినమున చేయకుడు. మొదట సొసైటీకి గాని బ్యాంకుకు గాని పోయి, మీకెంత అప్పు, ఏ వడ్డీకి, ఎన్ని కిస్తులకు వచ్చునో తెలిసికొనుడు. ఆ కాగితము జేబులో నుండగా షోరూమునకు పొండు. అచ్చట ధర మాత్రమే అడుగుడు. డబ్బా, నాగళ్లు, రోటవేటరు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను వేరువేరుగా వ్రాసిన కొటేషను తీసికొనుడు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరుపై జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది; పన్ను చేరక 7,00,000 విలువగల బండికి అది 49,000 తేడా. తగ్గిన పన్ను బిల్లులో కనబడుచున్నదో లేదో చూడుడు. ఇన్సూరెన్సు తప్పదు గాని, షోరూమువారు చెప్పిన కంపెనీలోనే చేయవలెనను నిబంధన చట్టమున లేదు. కిస్తు గడువులు వానాకాలపు పంట, యాసంగి పంట అమ్మిన పైకము చేతికి వచ్చిన పిమ్మట పడునట్లు ముందే వ్రాయించుకొనుడు.

"నేటితో సరి" అను మాటకు ఇప్పుడొక మంచి జవాబు గలదు. రిజర్వు బ్యాంకువారి ఆజ్ఞచే 2024 అక్టోబరు 1 నుండి ఇట్టి క్రొత్త ఋణములకు సంతకమునకు ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేటుమెంటు అను ముఖ్యాంశముల పత్రమును ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఈయవలయును. మన జిల్లా సహకార బ్యాంకులకును, ఫైనాన్సు కంపెనీలకును ఇది వర్తించును. అందు ఏ.పి.ఆర్. అను పేర, రుసుములతో సహా, ఏటికి పడు నిజమైన వడ్డీ యుండును. ఎనిమిదియో పదమూడో అక్కడ బయటపడును. కిస్తు కిస్తుకు అసలెంత, వడ్డీ యెంత అను పట్టికయు జతచేయవలయును. ఆ షరతులు కనీసము మూడు పనిదినములు చెల్లుబాటులో నుండవలయును. అనగా మీరు ఇంటికి పోయి, రాత్రి నిద్రించి, ఇంటివారితో ఆలోచించి రావచ్చును. ఆ పత్రమున లేని రుసుమును మీ స్పష్టమైన సమ్మతి లేక తరువాత వసూలు చేయరాదు. ఎవరును అడుగని పాలసీలు అప్పులో కలియుట దీనివలన కొంత యడ్డగింపబడును. పత్రమును చదివినచో మాత్రమే సుమా.

ఖాళీ కాగితముపై సంతకము, అంకె లేని చెక్కు ఎవ్వరికిని ఈయకుడు. పాత బండిని మార్పిడికి ఇచ్చినచో, కొన్నవారి పేరునకు ఆర్.సి. మారువరకు విడువకుడు. 2018లో నవీన్ కుమార్ కేసున సుప్రీంకోర్టు తేల్చిన ప్రకారము, రిజిస్టరులో పేరున్నవాడే ప్రమాద పరిహారమునకు యజమానిగా బాధ్యుడు. అప్పు తీరిన పిమ్మట ఋణదాత వ్రాతను గైకొని ఆర్.సి.పై నున్న తాకట్టు గురుతును రవాణా కార్యాలయమున కొట్టివేయించుకొనుట చాలమంది మరచుచున్నారు.

కిస్తు తప్పునని తోచినచో దాగుకొనకుడు. గడువునకు ముందే ఋణదాతకు వ్రాతమూలముగా తెలిపి, రసీదు నుంచుకొనుడు. బండిని స్వాధీనము చేసికొనుటకు చట్టమార్గమే కాని రౌడీల మార్గము తగదని 2007లో సుప్రీంకోర్టు చెప్పినది. వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల పిమ్మట బాకీకై ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఉత్తరువిచ్చినది. ఋణదాత వినకున్నచో రిజర్వు బ్యాంకువారి 14448 నంబరునకు, బండి విషయమున మోసమైనచో వినియోగదారుల 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు మార్గము తెలిసికొనవచ్చును.

అసలు బండి కావలయునా అను ప్రశ్నను షోరూములో ఎవ్వరును అడుగరు. కాన ఇంటనే అడుగుకొనవలె. ఏటికి రెండు కిస్తులు 1,68,000. డీజిలు, డ్రైవరు, మరమ్మతు పోగా ఎకరమునకు 600 మిగులు ననుకొన్నను, కిస్తులకే ఏటికి 280 ఎకరములు పరుల భూమి దున్నవలయును. మీ ఊరిలో ఎన్ని బండ్లున్నవో లెక్కించి, ఆ 280 ఎకరములు ఎవరివో పేరు పేరున వ్రాయుడు. పేర్లు దొరకనిచో నలుగురు కలిసి ఒకటి కొనుట, లేదా కిరాయికే దున్నించుకొనుట ఉత్తమము.

గడచిన యాసంగిలో అదే ఊరి మరియొక సభ్యులు కొటేషను పట్టుకొని మా యొద్దకు వచ్చిరి. ఈ పర్యాయము మేము మొదటి పేజీనుండి చివరి పేజీదాక చదివి వినిపించితిమి. రెండు గంటలు పట్టినది. అడుగని జీవిత బీమా పాలసీ యొకటి నాలుగవ పేజీలో నుండెను. సభ్యులు కాగితములు మడిచి, ఆలోచించి చెప్పుదునని షోరూమునకు ఫోను చేసి, పొలమునకు పోయిరి. ఆ సాయంత్రమే షోరూమువారు మూడుసార్లు ఫోను చేసిరి. మూడవసారి ధరలో పదునైదు వేలు తగ్గించితిమనియు, ఆ పాలసీ పొరపాటున చేరినదనియు చెప్పిరి.