మీకు తెలుసా? సారంగాపూర్ నుంచి ఆస్ట్రేలియా వర్సిటీకి

జగిత్యాల జిల్లా సారంగాపూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు వలస పాతదే, అయితే చదువు కోసం వెళ్లే దారీ ఉంది. పైచదువుకు విదేశాలకు వెళ్లే పేద విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం విద్యానిధి పథకాలు నడుపుతోంది: ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట. ఈ పథకాలు వర్తించే దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. సాయం 20 లక్షల రూపాయల వరకు. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవ కేంద్రాల్లో. అయితే ఈ సొమ్ము విడతలుగా వస్తుంది, మొదటి విడత కూడా విద్యార్థి అక్కడికి చేరిన ఆధారాలు చూపాకే. వీసా రుసుము, తొలి ఫీజు, ఆరోగ్య బీమా ఖర్చు ఇంటివాళ్లే ముందుగా సమకూర్చుకోవాలి. చాలా కుటుంబాలకు అసలు గండం ఇదే.

ఆస్ట్రేలియాలో విద్యా సంవత్సరం ఫిబ్రవరి చివర్లో మొదలవుతుంది, జులైలోనూ ప్రవేశాలుంటాయి. విద్యార్థి వీసాను సబ్‌క్లాస్ 500 అంటారు. 2023 జులై 1 నుంచి తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయవచ్చు. లెక్క ఏ సోమవారం నుంచైనా 14 రోజులకు కడతారు. ఒక వారం 30 గంటలు చేస్తే, దాని ముందు వారంలోనూ తర్వాతి వారంలోనూ 18 గంటలు దాటకూడదు. సెలవుల్లో ఈ పరిమితి లేదు.