నేనూ – నా పాత ట్రాక్టరూ

చిలకలపూడి పేరు చెప్పగానే రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి 1929లో వెలసిన పాండురంగడి కోవెల. రెండోది కవరింగు నగలు. కార్తీక ఏకాదశి తిరునాళ్ళకు వచ్చిన వాళ్ళు స్వామిని సేవించుకుని, వెళ్ళేటప్పుడు ఒక జత గాజులో, ఒక గొలుసో కొనుక్కుని మరీ బండి ఎక్కుతారు. మూడో సంగతి ఒకటుంది. అది పై వాళ్ళకు తెలియదు. బందరును ఆనుకుని వున్న మా వూరి చుట్టూ పొలాలున్నాయి. ఆ పొలాలకు కాలవ నీళ్ళు అందరి కంటె చివర అందుతాయి. నేను చెప్పబోయే కథ ఈ మూడో సంగతిలో నుంచే పుట్టింది.

నాకు రెండు వృత్తులు. పగలు కవరింగు పని. వేళకాని వేళల్లో వ్యవసాయం. మా నాన్నగారు వదలిపెట్టిన మూడున్నర ఎకరాల మాగాణి వుంది. కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తి అయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆనకట్ట బ్యారేజి అయినా శివారు మాత్రం శివారే. బెజవాడలో తలుపులు ఎత్తిన నీళ్ళు దారిలో అందరి దాహమూ తీర్చి, తీరికగా మా దగ్గరకు వస్తాయి. అవి వచ్చిన రోజున వూరంతా ఒక్కసారిగా దమ్ముకు లేస్తుంది. కిరాయి ట్రాక్టర్లు నాలుగో, అయిదో. ముందు ఇరవై ఎకరాల ఆసామి, తరువాత పదెకరాల వారు, ఆ తరువాత ఎప్పుడో మూడున్నర ఎకరాల వాడు.

ఇందులో ట్రాక్టరు యజమానిని తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఒకే చోట ఇరవై ఎకరాలు దొరుకుతుంటే మూడు మళ్ళ కోసం ఎవడు గట్లు దాటి వస్తాడు? కాని నారు ఆగదు కదా! ఇరవై అయిదు, ముప్ఫై రోజుల్లో వూడ్చవలసిన నారు నలభై రోజులు మడిలో నిలబడితే ముదురుతుంది. ముదురు నారు పిలకలు సరిగా పెట్టదు. ఆ నష్టం కోత నాడుగాని తెలియదు. రెండు సంవత్సరాలు వరసగా ఇదే జరిగాక, సొంతానికి ఒక చిన్న ట్రాక్టరు వుంటే తప్ప లాభం లేదనుకున్నాను.

కొత్తది కొంటే పంటంతా వాయిదాలకే చాలదు. కనుక పాతదే కొనాలి. దానికైనా డబ్బు కావాలి. ఇంట్లో వున్న అసలు బంగారం మా ఆవిడ చేతి గాజులు – రెండు జతలు. సంగతి కదిపాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది:

“వూరంతటికీ పూత నగలు చేసిపెట్టి, ఇంట్లో వున్న అసలువి తాకట్టు పెడతారన్నమాట! సరే, పెట్టండి. కాని ఏమండీ, ఆ ట్రాక్టరు మాత్రం పూతది కాకూడదు సుమా!”

ఆ మాట చెవిలో పెట్టుకునే బయలుదేరాను.

ఎలాంటిది కొనాలి?

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ వారితో మొదలయింది. తరువాత కొద్ది సంవత్సరాలకే మద్రాసులో టాఫే వారు మాసీ ఫెర్గూసన్ బళ్ళను, బొంబాయిలో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ బళ్ళను చేయసాగారు. 1971లో హెచ్.ఎం.టి. వారు హర్యానాలోని పింజోరులో చెకోస్లవేకియా సహకారంతో జీటర్ 2511 తీశారు. మన తాతల ముంజేతుల మీద గడియారాలు కట్టిన ఆ హెచ్.ఎం.టి. వారేనండీ! 1974లో పంజాబులో పుట్టిన స్వరాజ్ 724 మాత్రం పూర్తిగా మన ఇంజనీర్ల నమూనా. వీటిలో చిన్నవి ఇరవై అయిదు గుర్రాల శక్తికి అటూ ఇటూగా వుంటాయి. 2511 అనే అంకెలో మొదటి రెండూ ఆ గుర్రాల లెక్కే.

చిన్నది కావాలని నేను పట్టుబట్టడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. మాగాణిలో మెత్తటి బురద కింద గట్టి పొర ఒకటి వుంటుంది. ఏళ్ళ తరబడి దమ్ము చేయగా అది పేరుకుంటుంది. పైన నీరు ఇంకిపోకుండా ఆపేదీ, పశువు కాలినీ బండి చక్రాన్నీ మోసేదీ అదే. రెండు టన్నులు తూగే పెద్ద బళ్ళు ఏటా లోతుగా తొక్కుతుంటే ఆ పొర చితికిపోతుంది. మరుసటి ఏడు మడి ఇంకాస్త దిగుబడిపోతుంది. మా మూడు మళ్ళకు తేలికైన బండే మందు.

పూత కింద ఏముంది?

నాకు తోడు వచ్చినవాడు బందరులో ఇంజన్ల పని చేసే ఒక మేస్త్రీ. అరవై దాటినవాడు. నన్ను “తమ్ముడూ” అంటాడు; నేను “మేస్త్రీ గారూ” అంటాను. మేము మొదట చూసిన బండి పెళ్ళికూతురులా వుంది. నిగనిగలాడే ఎర్ర రంగు, కొత్త సీటు, ముందు నిమ్మకాయల దండ. యజమాని తాళం తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. నాకు మనసు లాగింది. మేస్త్రీ మాత్రం బండి మొదలుపెట్టక ముందే ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు.

“వేడిగా వుంది, తమ్ముడూ. మనం రాకముందే తిప్పి వుంచారు. చల్లని ఇంజను తెల్లవారుజామున ఎలా లేస్తుందో అదే దాని అసలు వయసు” అన్నాడు నా చెవిలో.

తరువాత వెనుక గేరుపెట్టె కింద బిరడా కాస్త వదులు చేయించాడు. కారిన నూనె మజ్జిగలా తెల్లగా వుంది. అంటే దమ్ములో నీళ్ళూ బురదా లోపలికి చేరాయన్నమాట. డెల్టా బండికి ఇదే పెద్ద జబ్బు. ఇరుసు చివర వుండే సీళ్ళు అరిగిపోయాక బురద లోపలి బేరింగులను ఇసుక కాగితంలా తినేస్తుంది. పైన ఎన్ని రంగులు వేస్తే ఏం లాభం? నమస్కారం పెట్టి వచ్చేశాం.

మేము కొన్నది గుడివాడ దగ్గర ఒక పల్లెలో దొరికింది. 1984లో తయారైన హెచ్.ఎం.టి. 2511. రంగు వెలిసిపోయింది, బానెట్టు మీద తుప్పు. ఆ ఆసామి, “ఉదయాన్నే రండి, చల్లగా వున్నప్పుడే చూసుకోండి” అని తానే కబురు పెట్టాడు. మేస్త్రీ చేసిన పరీక్షలు పాఠకులకు పనికివస్తాయని రాస్తున్నాను.

పొగ సంగతి మొదటిది. లేచేటప్పుడు కాస్త తెల్ల పొగ వచ్చి పోతే ఫరవాలేదు. వేడెక్కాక కూడా వస్తుంటే లోపల ఒత్తిడి తక్కువ. నీలి పొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నది. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతున్నది. నూనె పోసే మూత తీస్తే ఆవిరి గుప్పుగుప్పున తన్నుకువస్తే పిస్టను రింగులు అరిగాయని గుర్తు. నాగలి తగిలించి పైకి ఎత్తి, ఇంజను ఆపి పావుగంట చూడాలి; అది దిగజారితే హైడ్రాలిక్ బలహీనం. ముందు చక్రాలు నేల నుంచి లేపి వూపి చూడాలి. చివరికి కాగితాలు: ఇంజను నంబరు, చాసిస్ నంబరు రిజిస్ట్రేషను పత్రంతో సరిపోవాలి, బ్యాంకు తాకట్టు వుంటే కొట్టేయించాలి, పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను మళ్ళీ పొడిగించి వుండాలి.

మా బండి అన్నిటిలో నెగ్గలేదు. హైడ్రాలిక్ కొంచెం జారింది. క్లచ్చి పలకలు సగం అరిగాయి. కాని దాని జబ్బులు పైకి కనబడేవి, మందు వున్నవి. లక్షా పదివేలకు బేరం కుదిరింది. మేస్త్రీ నడుపుతుంటే నేను మోటారు సైకిలు మీద వెనకాల – గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా మెల్లగా ఇంటికి చేరాం. ఆవిడ హారతి ఇచ్చి, చేత్తో రుద్ది చూసి, “దీనికి పూతే లేదు!” అన్నది. సంతోషించిందో, దిగులుపడిందో తెలియలేదు.

శిష్యరికం

నాకు కారు నడపడం తెలుసు, లైసెన్సు వుంది. “అదంతా మరిచిపో” అన్నాడు మేస్త్రీ. ట్రాక్టరులో వేగం చేతి లీవరుతో ముందే పెట్టుకోవాలి. తాళం తీస్తే ఇంజను ఆగదు. డీజిలు ఆపే లీవరు లాగాలి. బ్రేకులు రెండు, కుడిదీ ఎడమదీ వేరువేరు. మలుపులో ఎడమ బ్రేకు తొక్కితే బండి ఎడమ వైపు గిరుక్కున తిరుగుతుంది. “వలపటెద్దు, దాపటెద్దు అనుకో” అన్నాడు. రోడ్డెక్కే ముందు మాత్రం ఆ రెంటినీ కొక్కెంతో కలిపి తీరాలి. లేకపోతే వేగంలో ఒక చక్రమే ఆగి బండి పల్టీ కొడుతుంది.

ఒకనాడు ఇంజను బాగానే తిరుగుతుంటే, మేస్త్రీ కావాలని డీజిలు గొట్టం వదులు చేశాడు. బండి దగ్గి ఆగిపోయింది. “ఇప్పుడు నువ్వే లేపు” అన్నాడు. గొట్టంలో గాలి చేరితే డీజిలు ఇంజను ఎన్నిసార్లు తిప్పినా లేవదు. గొట్టం బిగించి, ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతి పంపు కొట్టాలి. మొదట నురగ, తరువాత బుడగలు, చివరకు నిండు డీజిలు వస్తుంది. అప్పుడు మర బిగించాలి. ఆ పాఠం పది రూపాయల స్పానరుతో వచ్చింది. పొలం మధ్యలో అయితే ఒక పూట ఖర్చయ్యేది.

అన్నిటికంటె పెద్ద పాఠం ప్రాణాలకు సంబంధించినది. దిగబడిన ట్రాక్టరును బయటకు లాగడానికి చాలామంది చక్రాలకు అడ్డంగా దుంగ కడతారు. అది మృత్యువును పిలవడమే. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఇరుసు చుట్టూ బండినే తిప్పుతుంది. ముందు భాగం గాలిలోకి లేచి, నడిపేవాడి మీదకు వెనక్కు పడుతుంది. దూకడానికి కూడా వ్యవధి వుండదు. బరువును ఇరుసు కంటె ఎత్తులో కట్టి లాగినా ఇదే గతి. అందుకే హారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు వాడు 1920లలో నాగలిని మూడు కడ్డీలతో వెనకాల దిగువగా తగిలించే పద్ధతి కనిపెట్టాడు. మామూలు దున్నకంలో నాగలికి అడ్డు తగిలినకొద్దీ ముందు చక్రాలు నేలను అదిమిపడతాయి. ఆయన 1946 నుంచి 1956 దాకా తీసిన చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైగా పోయాయి. ఇప్పటి ట్రాక్టర్లన్నీ ఆ మూడు కడ్డీలనే మోస్తున్నాయి.

“ముందు చక్రం లేచినట్లు అనుమానం వస్తే ఆలోచించకు, క్లచ్చి తొక్కు. దిగబడితే వెనక్కు వచ్చిన దారినే రా. అప్పటికీ రాకపోతే దిగి, పార పట్టుకో” అన్నాడు మేస్త్రీ. ఈ మాటలు నా చేత పదిసార్లు అప్పజెప్పించుకున్నాడు. గట్టు ఎదురుగా దాటాలి, ఏటవాలుగా కాదు. పక్కన మనిషిని, అందులోనూ పిల్లలను, ఎక్కించుకోరాదు. మా అబ్బాయి అలిగి అన్నం మానేసినా సరే, ఆ నియమం తప్పలేదు.

మొదటి దమ్ము

నీళ్ళు వచ్చాయి. ఇనప దమ్ము చక్రాలు తారురోడ్డును చీల్చేస్తాయి కనుక వాటిని రోడ్డు మీద తిప్పరాదు. ట్రక్కులో వేసుకుని వెళ్ళి పొలం దగ్గరే బిగించాం. మడిలో నాలుగు వేళ్ళ లోతు నీరు నిలిపాను. తక్కువైతే మట్టి చక్రాలకు అంటుకుంటుంది. ఎక్కువైతే గడ్డలు కనపడవు. రెండో గేరులో మొదటి సాలు తిరిగేసరికి ఒళ్ళంతా చెమట. నాలుగో సాలుకు భుజాలు వదులయ్యాయి. వెనక్కు తిరిగి చూస్తే కొంగలు అప్పుడే వరస కట్టాయి.

రెండు రోజుల్లో మూడున్నర ఎకరాలూ అయినాయి. బల్ల తోలి చదును చేశాం. ఇరవై ఎనిమిదో రోజున నారు పీకి వూడ్చాం. మా పొలంలో ఆ వయసు నారు పడి మూడేళ్ళయింది. ఆ సాయంత్రమే గట్టు మీదకు పక్క రైతు వచ్చాడు. ఆయనది రెండెకరాలు. “అన్నయ్యా, నా వరస ఇంకా వారం దాకా రాదట” అన్నాడు. ఆ సీజనులో మా పొలం కాక పదకొండు ఎకరాలు దమ్ము చేశాను – అందరూ రెండెకరాల, మూడెకరాల వాళ్ళే.

చివరగా ఒక మాట. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల కర్మాగారం 2016లో మూతపడింది. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. కాని కంపెనీ డబ్బాలో కాదు, వెదికితే. కనుక పాత బండి కొనదలచినవారు ముందు మేస్త్రీని చూసుకుని, తరువాత బండిని చూడండి. వారానికి ఒక పూట నూనె పోసి, మరలు బిగించే ఓపిక లేకపోతే కిరాయి బండే మేలు. దమ్ము అయిన ప్రతిసారీ ఇరుసు సీళ్ళు కడిగి చూసుకోండి.

గాజుల సంగతి అడుగుతారు కాబోలు. ఒక జత విడిపించాను. రెండో జత మినుముల పంట తరువాత రావలసి వుంది. ఆ తేదీ మా ఆవిడ గోడ మీది పంచాంగంలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది.