శ్రుతి తప్పిన యంత్రం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఒక కుర్రవాడి మేనమామ అమెరికా నుంచి సెలవులకు వచ్చాడు. వస్తూ వస్తూ అరచేతిలో ఇమిడే నల్లని పెట్టె ఒకటి తెచ్చి, కారు అద్దం దగ్గర అమర్చాడు.

"ఒరేయ్ అల్లుడూ! పోలీసులు రాడార్‌తో మన వేగం కొలుస్తూంటే ఇది ముందే పసిగట్టి కూత పెడుతుంది," అన్నాడు గర్వంగా.

మే నెల. మిట్టమధ్యాహ్నం. కారు పొద్దుటి నుంచీ ఎండలోనే ఉంది. తాతయ్యనూ, మేనల్లుణ్ణీ ఎక్కించుకుని మామయ్య ఎల్.బి.నగర్ బయలుదేరాడు. పెట్టె కూయలేదు సరిగదా, దాని మీద "సెల్ఫ్ కాలిబ్రేషన్" అనే మాట వెలిగింది. ఆరిపోయి మళ్ళీ వెలిగింది. కొత్తపేట చేరినా అదే వరస.

"దీని రోగమేమిటో!" అని మామయ్య విసుక్కున్నాడు.

తాతయ్య ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడు. "రోగం కాదురా, అది శ్రుతి చేసుకుంటున్నది," అన్నాడు.

యంత్రానికి శ్రుతి ఏమిటనుకుంటున్నారా, పిల్లలూ?

రైలు కూత వేస్తూ మన వైపు వచ్చేటప్పుడు ఆ కూత హెచ్చు స్థాయిలో వినిపిస్తుంది. మనను దాటిపోగానే స్థాయి తగ్గుతుంది. ఇటువంటి మార్పుకు కారణాన్ని 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ చెప్పాడు. 1845లో హాలెండులో బైస్ బాలట్ అనే ఆయన, బాకాలు ఊదేవాళ్ళను రైలు ఎక్కించి, పట్టాల పక్కన సంగీతజ్ఞులను నిలబెట్టి, అది నిజమేనని రుజువు చేశాడు.

రేడియో తరంగాలకూ ఇదే న్యాయం. తిరుపతికి సమీపంలోని గాదంకిలో 1,024 ఏంటెనాలు గల పెద్ద రాడార్ ఉన్నది. అది ఆకాశంలోకి తరంగాలను పంపి, తిరిగివచ్చిన వాటి మార్పును బట్టి గాలుల వేగం కొలుస్తుంది. పోలీసుల రాడార్ కార్ల వేగం కొలిచేదీ ఈ సూత్రంతోనే. ఒకరకం రాడార్ పంపే తరంగం సెకనుకు 2,415 కోట్ల సార్లు కంపిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురువచ్చే కారుకు తగిలి అది తిరిగివస్తే కలిగే తేడా సుమారు 2,680 కంపనాలు మాత్రమే! ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే యంత్రం సరిగా ఉండాలి గదా? అందుకని అలాటి రాడార్‌ను శ్రుతిదండంతో పరీక్షిస్తారు. సెకనుకు 2,680 సార్లు కంపించే దండాన్ని మోగించి ఎదురుగా పట్టుకుంటే, అది 60 అని చూపాలి.

మామయ్య పెట్టె తరంగాలను పంపదు, వింటుంది. దాని లోపల తంబురా వంటి చిన్న పరికరం తనలో తాను తరంగాలు పుట్టిస్తుంది. బయటినుంచి వచ్చే తరంగాన్ని వాటితో కలిపి, అది ఏ స్థాయిదో తెలుసుకుంటుంది. ఎండకు తంబురా శ్రుతి జారినట్టే, వేడికి ఈ పరికరం స్థాయి కూడా జారుతుంది. అందుచేత పెట్టె తన్ను తాను సరిచూసుకుంటుంది. ఆ మాట ఒకసారి వెలిగి ఆరితే మంచిదే. మాటిమాటికీ వెలిగితేనే ఏదో లోపమున్నట్టు.

తాతయ్య కారును చెట్టునీడన ఆపించాడు. "ముందు వేడి సంగతి చూద్దాం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే అసలు కారణమేదో తెలియదు," అని పెట్టెను చల్లారనిచ్చాడు. తరవాత బయలుదేరితే కొంతదూరం బాగానే ఉంది. అంతలో మళ్ళీ ఆ మాట వెలిగింది.

"తాతయ్యా! కారు గతుకులో పడ్డప్పుడల్లా వెలుగుతున్నది," అన్నాడు కుర్రవాడు.

చూస్తే, కరెంటు తీసుకునే ప్లగ్గు వదులుగా ఉంది. కుదుపుకల్లా కరెంటు పోయి వస్తున్నది. వచ్చినప్పుడల్లా పెట్టె మొదటినుంచీ శ్రుతి చేసుకుంటున్నది! కుర్రవాడు ప్లగ్గు గట్టిగా నొక్కాడు. ఆ మాట మరి వెలగలేదు.

ఎల్.బి.నగర్ దగ్గరకు రాగానే పెట్టె గట్టిగా కూసింది. మామయ్య చూపు దానిమీదికి పోయింది.

"మామయ్యా! ముందు చూడు!" అని కుర్రవాడు కేక పెట్టాడు.

విజయవాడ బస్సు అందుకోవాలని ఒక తల్లి, పిల్లవాణ్ణి చెయ్యిపట్టి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతున్నది. మామయ్య బ్రేకు వేశాడు. వాళ్ళకు బారెడు దూరంలో కారు ఆగింది.

అక్కడ పోలీసులే లేరు. పక్కనున్న దుకాణం తలుపు మనిషి రాగానే దానంతటదే తెరుచుకుంటున్నది. ఆ తలుపులోనూ చిన్న రాడార్ ఉంటుంది. పెట్టె కూసింది దానికి!

మామయ్య చేతులు ఇంకా వణుకుతున్నాయి. తాతయ్య మెల్లిగా అన్నాడు: "అబ్బాయీ, హైదరాబాదు పోలీసులు లేజర్ గన్నులు వాడుతారు. అవి వెలుగును పంపి, అది తిరిగివచ్చే సమయాన్ని బట్టి వేగం కొలుస్తాయి. నీ పెట్టె కూసేసరికి కొలవటం అయిపోతుంది. మరొక సంగతి విను. వేగం రెట్టింపు చేస్తే, బ్రేకు పట్టాక కారు ఆగటానికి నాలుగు రెట్లు దూరం కావాలి. ఇందాక నువ్వు రెట్టింపు వేగంతో వచ్చి ఉంటే?"

మామయ్య మాట్లాడలేదు.

"అది శ్రుతి చేసుకుంటున్నంతసేపూ దానికేమీ వినపడదు గదా, తాతయ్యా? అప్పుడది ఊరుకుంటే ముందేమీ లేదనుకుంటామా?" అని అడిగాడు కుర్రవాడు.

"అనుకోకూడదు. కాని ఒకటి చూశావా? తన శ్రుతి సరిగా లేదని అది దాచుకోలేదు, చెప్పింది. మనమే అర్థం చేసుకోలేదు," అన్నాడు తాతయ్య.

మామయ్య పెట్టెను ఊడదీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిపొడుగునా ఆయన చూపు రోడ్డు మీదే ఉన్నది.