కేబులు కవచమునకు ఎర్తు: పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

రక్షిత మంచినీటి పథకము గల గ్రామములలో మీటరు గది యొకచోటను, బోరుబావి మరియొకచోటను ఉండుట సాధారణము. మీటరు గది నుండి బోరు వద్దనున్న స్టార్టరు పెట్టెకు నేలలో పూడ్చిన కేబులు విద్యుత్తును కొనిపోవును. కుళాయిలలో నీరు వచ్చుచున్నంత కాలము ఆ కేబులును గూర్చి ఎవరును తలపరు. కాని దాని ఉక్కు కవచమునకు ఎర్తు సరిగా నున్నదా యని పంచాయతీ సభ్యులు తప్పక విచారింపవలెను. బోరు చెంతకు బిందెలతో వచ్చు స్త్రీల ప్రాణములు, అచ్చట ఆడుకొను పిల్లల ప్రాణములు దానిపై ఆధారపడి యున్నవి.

కవచ మెందులకు?

కేబులు నడుమ రాగి లేక అల్యూమినియము తీగ లుండును. వానిపై పి.వి.సి. తొడుగు, దానిపై జింకు పూత పూసిన ఉక్కు తీగలు లేక పట్టీలు, అన్నిటికిని పైన మరల పి.వి.సి. తొడుగు ఉండును. గడ్డపార పోటునకును, రాళ్ల ఒత్తిడికిని లోపలి తీగలు చెడకుండుటకే ఈ కవచము. విద్యుత్తును మోయుట దాని పని కాదు. అయినను ఉక్కు లోహమే కదా! లోపలి తొడుగు చెడి ఒక ఫేజు తీగ దానికి తగిలినచో, ఎర్తు లేని కవచమంతయు 230 వోల్టులకు లోనగును. దానికి బిగించిన ఇనుప పెట్టెయు అట్లే యగును. చూపునకు మాత్రము ఏ మార్పును గానరాదు. తాకినవారికే తెలియును.

ఎర్తు చేయు పని

కవచమును ఎర్తునకు కలిపినచో, తప్పిపోయిన విద్యుత్తు మనిషి దేహముగుండ గాక, లోహపు మార్గమున భూమికి పోవును. అయితే గోతి నొక్కదానినే నమ్మరాదు. ఎర్తు గొయ్యి నిరోధము 10 ఓములైనచో, 230 వోల్టుల వద్ద ప్రవాహము 23 ఆంపియర్లకు మించదు. అంతమాత్రమునకు 30 ఆంపియర్ల ఫ్యూజు కాలదు. ప్రమాదము నిలిచియే యుండును. అందుచే ఎర్తు లీకేజి సర్క్యూట్ బ్రేకరు కూడ అవసరము. ఆంపియరులో కొద్ది భాగము తప్పిపోయినను అది సరఫరాను ఆపివేయును. కవచమునకు ఎర్తు ఉన్నచో, లోపము పుట్టిన వెంటనే బ్రేకరు పడిపోవును. ఎర్తు లేనిచో, ఎవరైన తాకిన పిదపనే అది పడిపోవును. ఈ భేదము చిన్నది కాదు.

నియమము

ఇది గుత్తేదారు ఇష్టమునకు విడిచిన పని కాదు. కేబులును కప్పు లోహపు తొడుగులన్నియు ఎర్తునకు కలిపి యుండవలెననియు, జంక్షను పెట్టెల వద్ద కూడ తెగక మొదటినుండి చివరివరకు కలిసి యుండవలెననియు 1956 నాటి విద్యుత్ నియమములలోని 61వ నియమము విధించినది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, 2023లోను కొత్త నిబంధనలు వెలువరించినప్పుడును ఈ విధి తొలగలేదు. మూడు ఫేజుల మోటారునకు రెండు వేర్వేరు ఎర్తు కనెక్షను లుండవలెననుటయు అట్టిదే.

లోపము లెక్కడ?

లోపములు తరచుగా కొసలయందే యుండును. కొందరు పనివారు కవచపు తీగలను కోసివేసి, కేబులును పెట్టె రంధ్రములో దూర్చి విడుతురు. ఇత్తడి గ్లాండును బిగించి, కవచపు తీగలన్నియు దానిలో పట్టుబడునట్లు చేయుట సరియైన పద్ధతి. పెట్టె ప్లాస్టిక్కుదైనచో, గ్లాండునకు ఎర్తు ట్యాగు తగిలించి, దానినుండి ఎర్తు తీగను వేయవలెను.

అతుకులు రెండవ చోటు. మురుగు కాలువ త్రవ్వునపుడు కేబులు తెగినచో, లోపలి తీగలను మాత్రమే అతికి టేపు చుట్టి పూడ్చుట కలదు. అంతటితో నీళ్లు వచ్చును గాని, అతుకునకు ఆవలనున్న కవచము ఎర్తునకు దూరమగును.

బిల్లు చెల్లించుటకు ముందు

రెండు కొసలయందును గ్లాండు లున్నవా? కవచము ఈ కొసనుండి ఆ కొసవరకు తెగక యున్నదని లైసెన్సు గల వైర్‌మన్ పరీక్షించి చూపెనా? ఎర్తు నిరోధమును కొలిచి రిజిస్టరులో వ్రాసిరా? బ్రేకరు టెస్టు బొత్తామును నొక్కిన పడిపోవుచున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వచ్చిన పిమ్మటనే సంతకము చేయుట మంచిది. వేసవిలో నేల ఎండి ఎర్తు నిరోధము పెరుగును గనుక, ఆ కాలమున మరల కొలిపించి, గోతిలో నీరు పోయించవలెను. సభ్యులు తాము పెట్టెలను తెరువరాదు. సరఫరా ఆపించి, పనివానిచేతనే చూపించుకొనవలెను.

ఒక గ్లాండునకును, కొద్దిపాటి ఎర్తు తీగకును అగు వ్యయము స్వల్పము. పనిని పూడ్చకముందే అడిగిన ప్రశ్న, జరిగిన పిదప చేయు విచారణకంటె మేలు.