బ్రేక్ ఆయిల్ నూనె కాదు



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని కబురు వచ్చినప్పుడు మేము మొదట అంతరిక్షం గురించి రాద్దామనుకున్నాం. కాని ఈ హాస్టల్లో మా పక్కన చాపలు పరుచుకుని పడుకున్న చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు ఆటోనో, జీపో నడుపుతారు. కెమిస్ట్రీలో పీజీ చదువుతున్న మాకు ఆ బండ్లకు పనికొచ్చే సంగతి ఒకటి తెలుసు. అది కూడా మొదట పుస్తకంలో చదివింది కాదు, తప్పు చేసి తెలుసుకున్నది.

మేము ఇంటర్ చదివే రోజుల్లో మా మేనమామ పాత కమాండర్ జీపు దేవరకొండ, డిండి మధ్య తిరిగేది. సెలవుల్లో ఒకనాడు పొద్దున్నే బ్రేకు డబ్బాలో మట్టం తగ్గిందని చూసి, "సదువుకుంటున్నోనివి, నువ్వే జూసి పొయ్యి అల్లుడా" అన్నాడు. మా ఇంట్లో అప్పటికి పది దాటి చదివింది మేమే. ఆ గర్వంతో మూత మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో చూడనే లేదు. అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు కదా, ఆయిల్ ఆయిలే అనుకుని, మూలన మిగిలి ఉన్న ఇంజన్ ఆయిల్ పోసేశాం.

కొద్ది రోజులకే పెడలు తొక్కితే బ్రేకు పట్టేది, వదిలితే విడిచేది కాదు. డిండి దగ్గర చక్రాలు పొగలు కక్కుతూ జీపు నడిరోడ్డు మీద నిలిచిపోయింది. మెకానిక్ విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషర్లన్నీ ఉబ్బి మెత్తబడి ఉన్నాయి. నాలుగు చక్రాలవీ, మాస్టర్ సిలిండర్‌వీ అన్నీ మార్చాల్సి వచ్చింది. మామ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

జరిగిందేమిటంటే, కిరోసిన్లో పడిన సైకిల్ వాల్వు రబ్బరు ఉబ్బిపోవడం మీరు చూసే ఉంటారు. పెట్రోలియం నుంచి వచ్చే నూనెలు బ్రేకుల్లోని రబ్బరును అలాగే చేస్తాయి. మాస్టర్ సిలిండర్లో, పెడలు వదిలాక ద్రవం డబ్బాలోకి వెనక్కి రావడానికి సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. ఉబ్బిన రబ్బరు దాన్ని మూసేసింది. అసలు మన బండ్లలో పోసేది నూనే కాదు. గ్లైకాల్ జాతి రసాయనం. నీళ్ళల్లో చక్కగా కలిసిపోతుంది. డబ్బాలో ఏముందో అనుమానం వస్తే రెండు చుక్కలు గ్లాసు నీళ్ళల్లో వేసి కలిపి చూడండి. కలిసిపోకుండా పైన తెట్టులా తేలితే, అందులో నూనె పడిందన్నమాట. అప్పుడు బండి కదిలించవద్దు. ఆ ద్రవం బండి రంగు మీద పడితే రంగును తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

నీళ్ళతో ఈ స్నేహమే రెండో ప్రమాదానికి మూలం. ఇది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక 140 దాకా తట్టుకుంటే చాలు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు, ఈ హద్దులు పెట్టింది వాళ్ళే.

మరిగితే ఏమవుతుంది? ల్యాబ్‌లో సిరంజి నిండా నీళ్ళు నింపి మూతిని వేలితో మూసి నొక్కండి, కదలదు. గాలి నింపి నొక్కండి, లోపలికి పోతుంది. బ్రేకు పైపులో ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు అలాగే నేలకు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. చల్లారాక బుడగలు పోయి పెడలు మళ్ళీ గట్టిపడుతుంది. అందుకే తర్వాత చూసిన వాళ్ళు "బ్రేకులు బాగానే ఉన్నయ్ గదా" అంటారు.

పందెపు కార్లకే ఇంత వేడి పుడుతుందని అనుకోవద్దు. శివరాత్రికి మన పాలమూరు, నల్లగొండ వైపు నుంచి శ్రీశైలం పోయే జీపులు మన్ననూరు అడవి దాటి, దోమలపెంట తర్వాత కృష్ణ వైపు వంకలు దిగుతాయి. మనుషులతో కలిపి రెండు టన్నులున్న బండి రెండు వందల మీటర్ల ఎత్తు దిగుతుందనుకుందాం. వేగం పెరగకుండా బ్రేకులతోనే ఆపితే పుట్టే వేడి సుమారు 39 లక్షల జౌళ్ళు. పన్నెండు లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు. పాత డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలంటారు. ఆ వేడిలో కొంత భాగాన్ని ఇంజన్ తీసుకుంటుంది కనుక అది సరైన మాట. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఇ కార్లు బ్రేకు వేసినప్పుడు ఆ శక్తిని మోటారు ద్వారా బ్యాటరీకే పంపుతాయి. మన జీపుకు ఆ వసతి లేదు.

మరి ఏది పోయాలి? డబ్బా మూత మీద, బండి పుస్తకంలో రాసి ఉన్నది. డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ జాతివే, కలిసినా రబ్బరు పాడవదు. డాట్ 3 అడిగిన బండికి డాట్ 4 పోయవచ్చు, డాట్ 4 అడిగిన దానికి డాట్ 3 పోయకూడదు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డాట్ 5, డాట్ 5.1 అన్నదమ్ములు కాదు. డాట్ 5 సిలికోన్, ఊదారంగులో ఉంటుంది, మిగతా వాటితో కలవదు. పక్కన ఉన్న పాయింటు ఒకటి చూడకుండా కొనవద్దు. పందెపు కార్ల కోసం 300 డిగ్రీలు దాటి మరిగే డాట్ 4లు కూడా అమ్ముతారు, కాని వాళ్ళు దాన్ని తరచుగా మార్చేస్తారు. మనవాళ్ళు ఏళ్ళ తరబడి మార్చరు, కాబట్టి మనకు తడి అంకే ముఖ్యం. మామూలు డాట్ 4 రెండేళ్ళకోసారి పూర్తిగా మారిస్తే చాలు. చిన్న డబ్బా కొనండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన సగం డబ్బా అప్పటికే తేమ తాగి ఉంటుంది.

ఆర్టీసీ బస్సుకు ఈ గొడవ లేదు. ఆగినప్పుడు "టుస్" మంటుందే, అది గాలి బ్రేకు. డిస్కు బ్రేకుల ఖరీదైన గేరు సైకిళ్ళు కొన్నింటిలో మాత్రం కథ తలకిందులు, వాటికి పోయాల్సింది నిజంగానే మినరల్ ఆయిల్, డాట్ పోస్తే పాడవుతాయి.

మామ ఇప్పుడు డబ్బా కొనే ముందు ఫోన్లో ఫొటో పంపుతాడు. మొన్న శివరాత్రికి ముందు "గిదేనా అల్లుడా?" అని ఒకటి పంపాడు. డాట్ 4, రకం సరైనదే. పెద్దది చేసి చూస్తే మూత కింద సీలు చింపి ఉంది. వాపసు ఇచ్చి వేరేది తెచ్చుకోమన్నాం.