పంటికి ఆదివారం లేదు!

ఏ నొప్పినైనా పంటి బిగువున భరించొచ్చు. ఆ నొప్పి పంటిలోనే అయితే? అదీ అర్ధరాత్రో, ఆదివారం మధ్యాహ్నమో మొదలైతే? పాత కాలనీల్లో వీధికో డెంటల్ క్లినిక్ బోర్డు కనిపిస్తుంది. కానీ అదేరోజు, అదే గంటకి చూసే డాక్టరు ఎక్కడున్నారో ముందే తెలిసుండాలి.

నల్లకుంట, బర్కత్‌పుర, విద్యానగర్, చిక్కడపల్లి... హైదరాబాద్‌లో పేరున్న పాత కాలనీలు. ప్రహరీ మీంచి మామిడికొమ్మ తొంగిచూసే ఇళ్లు, వాటిని ఆనుకుని అపార్ట్‌మెంట్లు. కింద మందుల షాపు, ఇరుకు మెట్లెక్కితే పైన పళ్ల డాక్టరు. చాలా ఇళ్లలో ఇప్పుడు మిగిలింది పెద్దవాళ్లే. పిల్లలు గచ్చిబౌలిలోనో, అమెరికాలోనో ఉంటారు.

ఇలాంటి చోట క్లినిక్కులకు కరవులేదు. కరవల్లా వేళలకే. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా... చాలా బోర్డుల మీద కనిపించేవి ఇంచుమించు ఇవే వేళలు. ఒక్క డాక్టరే నడిపే క్లినిక్కులు ఎక్కువ. ఆయన పెళ్లికి ఊరెళ్తే ఆ రోజుకి షట్టరే! మరి అప్పుడు ఏం చేయాలి?

ఏది ఇవాళ? ఏది రేపు?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎందుకంటే ఎక్కువగా బాధపెట్టేదే ప్రమాదమైనదని కాదు. చల్లనీళ్లు తాగితే జివ్వుమనడం, పాత ఫిల్లింగ్ ఊడిపోవడం, క్యాప్ ఊడి చేతిలోకి రావడం... చిరాకే గానీ ఒకటి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు. ఊడిన క్యాప్‌ను పారేయకుండా దాచిపెడితే చాలు.

రాత్రంతా సలిపి నిద్రపోనివ్వని నొప్పి, చిగురు మీద చీముగడ్డ, బుగ్గ వాపు, పన్ను పీకించుకున్నాక ఆగని రక్తం... ఇవి ఆ రోజే చూపించుకోవాల్సినవి.

ఇక మూడో రకం. వాపు దవడ కిందికి, మెడలోకి దిగడం, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, నాలుక పైకి లేచినట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం. దీనికి క్లినిక్ వెతుక్కుంటూ తిరగకూడదు. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి. కింది దవడ పళ్ల ఇన్ఫెక్షన్ నాలుక కిందికి పాకి శ్వాసనాళాన్ని మూసేసే ఈ జబ్బు గురించి జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లోనే రాశారు. ఆయన పేరుతోనే దాన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. పిప్పిపన్నే కదా అనుకుంటే ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

నొప్పి తగ్గిందా? జాగ్రత్త!

పంటి నొప్పి రాత్రిపూటే ఎందుకు ఎక్కువవుతుంది? పంటి లోపలి గుజ్జు చుట్టూ ఉన్నది గట్టి గోడ. అది వాచినా సాగడానికి చోటుండదు. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి నరం మరింత సలుపుతుంది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుంటే కాస్త ఊరట అనేది అందుకే.

రెండు మూడు రోజులు చంపుకుతిన్న నొప్పి ఒక్కసారిగా మాయమవుతుంది చూడండి... అసలు మోసం అక్కడే ఉంది. తగ్గింది కదాని అపాయింట్‌మెంట్ మానేస్తారు. చాలాసార్లు జరిగేదేమిటంటే లోపలి నరం చచ్చిపోతుంది. నొప్పి చెప్పే మనిషి పోయాడు, ఇన్ఫెక్షన్ మాత్రం ఉండిపోయింది! కొన్ని వారాలకో నెలలకో అది వాపుగా బయటపడుతుంది.

మందుల షాపులో అడిగి యాంటిబయోటిక్ కోర్సు వాడేయడమూ ఇలాంటిదే. పంటిలోపలున్న చీముకి దారి ఇవ్వాలి, లేదా రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. ఈ మూడింటిలో ఏదీ చేయకుండా మాత్రలతో పన్ను బాగుపడదు.

గంటలోపే...

క్రికెట్ బంతి తగిలో, మెట్ల మీంచి పడో పిల్లాడి ముందుపన్ను ఊడి కిందపడింది. అప్పుడు గడియారంతో పోటీ. పంటి వేరును ఎముకకి పట్టి ఉంచే సన్నని పొరలో బతికున్న కణాలుంటాయి. పన్ను ఆరిపోయిన కొద్దీ అవి చచ్చిపోతాయి. గంట దాటితే అది మళ్లీ అతుక్కుని మునుపటిలా నిలిచే ఆశ బాగా తగ్గిపోతుంది.

పన్నుని తెల్లటి భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతోనో, సెలైన్‌తోనో మెల్లగా ఒకసారి కడగాలి. రుద్దకూడదు. పిల్లాడు తెలివిలో ఉండి, సహకరించే వయసు వాడైతే పన్నుని ఆ గుంటలోనే నిలబెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికిపట్టి ఉంచమనాలి. కుదరకపోతే చల్లని పాలున్న గ్లాసులో వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. కాగితంలో చుట్టడం, నీళ్లలో నానబెట్టడం వద్దు. ఇదంతా శాశ్వత దంతాలకే. పాలపన్నును మళ్లీ పెట్టకూడదు. పెడితే కింద తయారవుతున్న పన్ను దెబ్బతినొచ్చు.

ఫోన్లో ఏం చెప్పాలి?

‘పన్ను నొప్పండీ, ఎప్పుడు రమ్మంటారు?’ అంటే రిసెప్షన్లో అమ్మాయి ఎల్లుండి సాయంత్రానికి రాసుకుంటుంది. తప్పు ఆమెది కాదు. ‘నిన్న రాత్రి నుంచి బుగ్గ వాచింది, జ్వరం ఉంది, నోరు సగమే తెరుచుకుంటోంది, మా నాన్నగారికి డెబ్భై ఏళ్లు, షుగరుంది’ అని చెప్పి చూడండి. డాక్టరుకి ఫోన్ ఇచ్చే అవకాశం ఎక్కువ.

ఇవాళ డాక్టరు ఉంటారా, ఎక్స్‌రే అక్కడే తీస్తారా, ఇవాళే పన్ను తెరిచి నొప్పి తగ్గిస్తారా లేక చూసి మందులు మాత్రమే రాస్తారా... ఇవి అడగాలి. లిఫ్టు ఉందా అన్నది కూడా! మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు రెండో అంతస్తు క్లినిక్ ఎంత దగ్గరున్నా దూరమే.

మరో మాట. నొప్పిలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతాడు. అందుకే ఇవాళ నొప్పి తగ్గించడానికి ఎంత, తరవాతి చికిత్సకి ఎంత అని విడివిడిగా అడగాలి. మొదటిరోజు జరగాల్సింది బాధ, చీము తీసేయడం, తాత్కాలిక ఫిల్లింగ్. ఏ రకం క్యాప్ వేయించుకోవాలనేది నాలుగు రోజులాగి నింపాదిగా తేల్చుకోవచ్చు.

రాత్రయితే ఎటు?

పగటివేళ, పనిదినాల్లో ఈ కాలనీలకు పెద్ద దిక్కు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి. 1959లో మొదలైంది. ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్, ఎంజీబీఎస్ మధ్య మెట్రో వచ్చాక చిక్కడపల్లి, నారాయణగూడ నుంచి వెళ్లడం తేలికైంది. ఎంజీబీఎస్‌లో దిగితే అక్కణ్నుంచి ఆటోకి దగ్గరే. ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్లడం మంచిది.

రాత్రిపూట, సెలవురోజుల్లో వాపు, రక్తం, దవడ దెబ్బలాంటివైతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల ఎమర్జెన్సీలు ఉన్నాయి. ఊపిరికే ఇబ్బందైతే 108కి ఫోన్ చేయాల్సిందే.

పెద్దవాళ్లున్న ఇంట్లో...

గుండె కోసం రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవారు పన్ను పీకించుకోవాలని వాటిని సొంతంగా మానేయకూడదు. ఆ సంగతి డాక్టరుకి చెబితే ఆయనే జాగ్రత్త పడతారు. వాడుతున్న మందుల చీటీ జేబులో ఉండాలి. షుగరున్నవారు పరగడుపున వెళ్లకూడదు. ఇంకొకటి... పన్ను బాగానే ఉండి దవడ లాగుతూ, చెమటలు, ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావొచ్చు. అప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి కాదు వెళ్లాల్సింది.

డాక్టరు దొరికేలోగా...
* గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. బుగ్గ మీద బయటినుంచి ఐస్ పెట్టొచ్చు. వేడి కాపడం వద్దు.
* లవంగనూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. నేరుగా పోస్తే చిగురు బొబ్బలెక్కుతుంది. దూదికి కొద్దిగా అద్దితే చాలు.
* ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టకండి, కాలుతుంది.
* నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ వాడొచ్చు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరుని అడగకుండా ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు.
* పన్ను తీసినచోట రక్తం వస్తుంటే శుభ్రమైన గాజుగుడ్డ మడతపెట్టి అరగంట గట్టిగా కొరికిపట్టండి. మాటిమాటికీ తీసి చూడటం, ఉమ్మడం, పుక్కిలించడం చేయకూడదు. అయినా ఆగకపోతే వెళ్లాల్సిందే.

ఇంతకీ ఈ ఆదివారం చేయాల్సిన పని ఒకటుంది. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు మీ వీధి, పక్క వీధి క్లినిక్కుల బోర్డులు చదవండి. ఏది మధ్యాహ్నం తెరిచి ఉంటుంది, ఏది ఆదివారం పనిచేస్తుంది, దేనికి మెట్లు తక్కువ... కనుక్కుని మూడు నంబర్లు గోడమీద క్యాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. కళ్లద్దాలు లేకపోయినా అర్ధరాత్రి నాన్నగారికి కనిపించేంత పెద్దగా!