తరతరాల సేద్యము – దాయభాగ పరిభాష

తాత, తండ్రి, బిడ్డలు వరుసగా ఒకే భూమిని సాగు చేయుచు వచ్చిన కుటుంబములకు ఎట్టి గ్రంథములు ఉపయుక్తములు? విత్తనము, ఎరువు, నీటి పారుదల మున్నగు విషయములను బోధించునవి అవసరములే. కాని అట్టి సేద్యము భూసారము క్షీణించుటచే ఎంతగా చెడునో, భూమి ఎవరిది, దానిని నడపువారెవరు అను ప్రశ్నలకు ఇంటిలో సమ్మతమైన సమాధానము లేకపోవుటచే అంతగా చెడును. ఈ ప్రశ్నలను విచారించు శాస్త్రమే దాయభాగము. దాని పరిభాషను తెలియుట కృషీవలునకు అవసరము. తెలియజెప్పుట భాషావేత్తల పని.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య కల్యాణి చాళుక్య ప్రభువగు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమునాటిది. పిత్రార్జితమైన ఆస్తియందు కుమారునకు జన్మముచేతనే స్వత్వము కలుగునని దాని సిద్ధాంతము. వంగదేశమున ప్రామాణ్యము వహించిన జీమూతవాహనుని దాయభాగము మాత్రము తండ్రి మరణానంతరమే కుమారునకు స్వత్వమని చెప్పుచున్నది. ఈ సిద్ధాంతభేదము పొలమువరకును వ్యాపించినది. మితాక్షర ననుసరించు కుటుంబమున ఆపద, కుటుంబ పోషణము, ధర్మకార్యము అను నిమిత్తములు లేనిదే తండ్రి పూర్వుల భూమిని తన ఇచ్చకొలది విక్రయింపరాదు. ఈ రెండు గ్రంథముల దాయప్రకరణములను కోల్‌బ్రూక్ 1810లో ఆంగ్లీకరింపగా, ఆ అనువాదములే న్యాయస్థానములకు చిరకాలము ఆధారములైనవి.

అంతకు పూర్వమే, 13వ శతాబ్దమున, తిక్కనకు సమకాలికుడగు కేతన మితాక్షర ననుసరించి విజ్ఞానేశ్వరీయమను పద్యకృతిని తెలుగున రచించెను. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండములుగా నున్న ఆ కృతి, ధర్మశాస్త్రమును దేశభాషలో చెప్పుట నేటి కొత్త ప్రయత్నము కాదనుటకు నిదర్శనము.

ఈ రంగమున వాడుకలోనున్న మాటలు పరిశీలింపదగినవి. 'దాయము' అనగా ఇయ్యబడునది; దానిని గ్రహించువాడు దాయాదుడు. తెలుగున 'దాయ' శబ్దము జ్ఞాతికే గాక శత్రువునకును వాచకమైనది. పంపకపు తగవులు ఎంత ప్రాచీనములో ఈ అర్థపరిణామమే సూచించుచున్నది. 'పాలు' అను దేశ్యపదమునకు భాగమని అర్థము, జ్ఞాతి పాలివాడు. అరబీనుండి వచ్చిన 'కౌలు' మొదట మాట, వాగ్దానము అను అర్థము గలది.

చిక్కంతయు ఈ 'పాలు' అను మాటలోనే కలదు. ఆస్తిలో పాలు వేరు, పంటలో పాలు వేరు. మాట మాత్రము ఒక్కటే. అన్నదమ్ములలో ఒకడు ఊరనుండి సేద్యము చేయుచు, మరియొకడు పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడనుకొందము. పట్టణమువానికి ఏటేట ధాన్యము ముట్టుచున్నది. అది అతని స్వత్వమునకు ఫలమా, కౌలా, లేక అన్న చూపిన ఆదరమా? ఊరనున్నవాడు తన కష్టార్జితముతో బావి త్రవ్వించినచో, పంపకమునాడు దాని విలువ ఎవరి లెక్కలో చేరును? ఇరువదియేండ్లు ఎవరును అడుగని ఈ ప్రశ్న తండ్రి పోయిన ఏడాదిలోపల తగవై లేచును.

కుమార్తెల విషయమున శాసనము క్రమముగా మారినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆమెను తండ్రికి వారసురాలిగా అంగీకరించెనే గాని, మితాక్షర కుటుంబమున జన్మముచే హక్కు పొందు సహదాయాదిగా అంగీకరింపలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణము, 1985 సెప్టెంబరు 5 నాటికి అవివాహితలైన కుమార్తెలకు ఈ హక్కు నొసగెను. 2005 నాటి కేంద్ర సవరణము వివాహితలకును దానిని విస్తరింపజేసి, వ్యవసాయ భూములకు సంబంధించిన మినహాయింపును తొలగించెను. ఆ సవరణము అమలులోనికి వచ్చునాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో నిర్ణయించినది. ఇదే చట్టములోని 22వ విభాగము ప్రకారము, ప్రథమశ్రేణి వారసులలో ఒకరు తమకు సంక్రమించిన భాగమును విక్రయింపదలచినచో తక్కినవారికి కొనుటయందు ప్రాధాన్యము కలదు. ఇది వ్యవసాయ భూమికిని వర్తించునని 2019లో తీర్పు వెలువడినది. భూమి ఇంటనే నిలువవలెనని కోరువారికి ఇది ముఖ్యము. ఇతర మతస్థుల వారసత్వమునకు వేరు శాసనములు కలవు.

కమతములు నానాటికి చిన్నవగుచున్నవి. వ్యవసాయ గణనల ప్రకారము భారతదేశమున సగటు కమతము 1970–71లో 2.28 హెక్టార్లు, 2015–16లో 1.08 హెక్టార్లు. కావున హక్కును పంచుకొనుటయు, సేద్యమును ముక్కలు చేయుటయు ఒకటి కావని గ్రహించుట నేడు మరింత అవసరము. స్వత్వము అందరిదై, నిర్వాహకత్వము ఒకరిదై, శ్రమకు ప్రతిఫలము వేరుగా లెక్కింపబడవచ్చును. అయితే ఆ ఏర్పాటు కాగితముపై నుండవలెను. స్థిరాస్తిని పంచు దస్తావేజు 1908 నాటి చట్టము ననుసరించి రిజిస్టరు కావలెను. నోటిమాటగా ముందే జరిగిన కుటుంబ పరిష్కారమును జ్ఞాపకార్థము వ్రాసికొన్న పత్రమునకు అది అవసరము లేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పినది. అడంగలులోగాని పహాణీలోగాని పేరుండుట సాగును తెలుపునేగాని, తనంతట స్వత్వమును కల్పింపదు.

ఇట్టి సూక్ష్మభేదములు నేటి దస్తావేజుల తెలుగున సంస్కృత, పారసీక, ఆంగ్ల పదముల మిశ్రమమున మరుగుపడుచున్నవి. సంతకము చేయు సోదరికి తాను వదలుకొనుచున్నది పంటలోని పాలో, భూమిలోని పాలో తెలియవలెను. పదములను వర్గీకరించి, ఒక్కొక్క అర్థమునకు ఒక్కొక్క మాటను స్థిరపరచి, ఉదాహరణములతో వివరించు చిన్న పుస్తకము ప్రతి భారతీయభాషయందును వెలువడుట మేలు. అది సేద్యపు ఇంటి పెట్టెలో పాసుపుస్తకము ప్రక్కన ఉండదగినది.